మూడువందల రెండు తర్వాత

మెట్టుగడ్డల ఎరువుల దుకాణం మీద జిమ్ము.
యూరియా వాసన పీలుస్తం, చెమట వాసన వదుల్తం.
గోడకు పన్నెండు రేకు డబ్బాలు,
ఏ చెవి ఏ డబ్బాకైనా పడుతది.
పైన ఎర్ర రంగుతోని రాసి ఉంటది:
"మీ సామాన్లకు మీరే బాధ్యులు."
కెమెరా ఫ్యాను దిక్కే చూస్తది,
ఫ్యానునే ఎవడో ఎత్తుకపోతడన్నట్టు.

పోయిన నెల ఈడ పోయినయి:
కాంట్రాక్టర్ నిరంజన్ తులం ఉంగురం,
డిగ్రీ పోరగాని ఫోను,
ఎవరిదో ఒక్క కాలి బూటు.
రెండోది వదిలిపోయిండు, దొంగకు ఏం తొందరొచ్చెనో.
ఉంగురం పోతే ఇంకో ఉంగురం వస్తది.
బూటు పోతే నవ్వుకుంటం.
నా నడుముకున్నది పోతే
అది ఇంకొకరి చేతుల మొదలైతది.

నేను గన్‌మెన్ను.
పొద్దంతా ఒక పెద్దమనిషి ఎనుక
రెండడుగుల దూరంల నడుస్త.
తొమ్మిది ఎం.ఎం. పిస్తోలు, పది తూటాలు.
సంతకం నాది, పిస్తోలు సర్కారుది,
కాపాడే పానం ఇంకొకరిది.
నాదంటూ ఉన్నది పొద్దుగాల ఒక్క గంట.

ఖాజా అంటడు: "డబ్బాల పెట్టన్నా, నేనున్న కదా."
వాడుంటడు. కండ్లు మాత్రం అద్దంల ఉంటయి.

మా నాయన కూడా ఒక్కపారి
ఒంటిని ఇట్లనే చూసుకున్నడు.
అమ్రాబాద్ దిక్కు ఔట్‌పోస్టు, ఎండకాలం,
మూడు రోజుల చెమట.
రైఫిలు ఇప్పచెట్టుకు ఆనిచ్చి వాగుల దిగిండు.
తల మీద నీళ్లు పోసుకుంటే కండ్లు మూసుకుంటం కదా,
గంతే సేపు.
తెరిసేసరికి చెట్టుంది.
బెరడు మీద గొట్టం రాసుకున్న గీత ఉంది.
తొమ్మిదేండ్ల విచారణ, ఆగిన ఇంక్రిమెంట్లు.
"నీళ్లు సల్లగుండెనా?" అని అడిగిన ఆఫీసరు పేరు
ఇప్పటికీ చెప్పడు.

అది త్రీనాట్‌త్రీ.
మా ఇంట్ల ఆ అంకె ఎవ్వరం పలుకం.
చీటీ పైసలు లెక్కపెట్టేటప్పుడు అమ్మ
మూడువందల రెండు కాంగనే
ఒక రూపాయి సప్పుడు లేకుంట కొంగుల ఏసుకొని
మూడువందల నాలుగు అంటది.

నిన్న మాత్రం పెట్టిన.
ఎందుకంటే ఏం చెప్పాలె. నడుము నొప్పి, కొంచెం సిగ్గు.
క్లాక్‌టవర్ కాడ ఇత్తడి తాళం కొన్న,
తూటాలు తీసి సాక్సుల దాచిన,
చెవి మెడల కట్టుకున్న.
బెంచి మీద పండి అరవై కిలోలు లేపుతుంటే
డబ్బా రేకు టంగుమన్నది.

అరవై కిలోలు యాడ పడ్డయో తెల్వదు.
ఉరికిన.
ఊడ్చే అంతమ్మ, చేతుల తడి బట్ట,
నా తాళం తుడుస్తుంది.
"కొత్తదా సారూ? మంచిగ మెరుస్తుంది."
ఊపిరందక నేను గోడకు ఆనుకుంటే
నా మెడల చెవిని చూసింది, డబ్బాను చూసింది,
తన పుస్తెలతాడు జాకెట్ల దోపుకుంట నవ్వింది.
"ఊడ్చేటప్పుడు అడ్డమొస్తదని ఇది తీసి పెడ్తే
ఎప్పుడో పోతుండె సారూ.
మోసుకుంటనే ఊడుస్త.
అలవాటైతే అది గూడ ఒంటి బరువే."

ఇయ్యాల నాలుగున్నరకే లేసిన.
ముందు ఠాణకు పోయి, నిద్రల ఉన్న
రైటర్ మొగులయ్యను లేపిన.
తిట్టిండు. తిట్టుకుంటనే లెక్కపెట్టిండు. పది.
పిస్తోలు గొలుసుకు పడ్డది,
నేను జిమ్ము మెట్లెక్కిన.

ఒంట్ల ఒక దిక్కు లేనట్టుంది.
కుడిచెయ్యి ఊకె నడుముకు పోతుంది,
ఊడిన పన్ను కాడికి నాలిక పోయినట్టు.
డబ్బాల ఇయ్యాల నా చెప్పులు, నలభై రూపాయలు.
తాళం ఏయలే.
తాడు తీసుకొని దుంకుడు మొదలుపెట్టిన.
కింద హమాలీలు బస్తాలు దించుతున్నరు,
వాళ్ల లెక్క, నా లెక్క కలిసిపోతున్నయి.
మూడువందల ఒకటి.
మూడువందల రెండు.
తాడు కాలుకు తట్టింది.
మూడువందల నాలుగు.